శ్రీరస్తుల కట్ట

కరోనా రెండో ఏడాది నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, నేను నోరు తెరిచేలోపే మా అమ్మ చెప్పేసేది.

"మా బిడ్డ కంప్యూటర్ల ఉత్తరాలు పేరుస్తది."

ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంజనీరింగ్ చదివి, నానా తిప్పలు పడి తెచ్చుకున్న ఉద్యోగం! కానీ నిజం ఒప్పుకోవాలి కదా, అమ్మ చెప్పింది తప్పేం కాదు. సూరత్ బట్టల వ్యాపారుల కోసం ఒక చిన్న కంపెనీ మెయిల్ ప్రోగ్రాం తయారు చేసి అమ్మేది. వచ్చిన మెయిళ్ళలో ఏది పైన కనిపించాలి, ఏది కిందికి పోవాలి, ఏవేవి కలిసి ఒక కట్టగా ఉండాలి అని తేల్చే భాగం ఒకటుంటుంది. దాన్ని బాగుచేసే పని నాకిచ్చారు.

"గంత సదువు సదివి పోస్టుమన్ పనికి కుదిరినవాయే" అని అమ్మ దెప్పేది.

"పోస్టుమన్‌ను కాదమ్మా, పోస్టాఫీసునే నేను" అని నేనూ ఊరుకునేదాన్ని కాదు.

ఆఫీసు మూసేసి అందర్నీ ఇంటి నుంచే పని చేయమన్నారు. ఇల్లంటే సూరత్ శివారు వడోద్‌లో గదిన్నర. అమ్మ కుట్టుమిషనే నా టేబులు. ఎవరిదైనా జాకెట్టు కుట్టాల్సి వస్తే నా ఆఫీసు లేచి మంచం మీదికి పోవాలి, జాకెట్టు అయ్యాక తిరిగి రావాలి. మీటింగు మధ్యలో అమ్మ మిషను తొక్కితే అవతలివాళ్ళు "మీ దగ్గర వానా?" అని అడిగేవాళ్ళు. అవునండీ, జోరు వాన అనేదాన్ని.

బాపు సాంచాల కార్ఖానాలో, అంటే మరమగ్గాల షెడ్డులో, మేస్త్రీ. ఆ రోజుల్లో సాంచాలు కొన్నాళ్ళు నడిస్తే కొన్నాళ్ళు బందు. బందున్నప్పుడు మా బాపుకు కునుకు పట్టేది కాదు. "ఇంత సప్పుడు లేకుంటే మనుషులు ఎట్ల పంటరే?" అని మంచం మీద అటూ ఇటూ దొర్లేవాడు. నలభై సాంచాల మోతలో హాయిగా కునుకు తీసే మనిషికి గల్లీ మౌనమే పెద్ద గోలగా ఉండేది. ఆయన బాధ చూడలేక నేను కాలేజీ నాటి పాత కంప్యూటరును దులిపి, మా కంపెనీ ప్రోగ్రామే అందులో వేసి, మా తెలుగు నేతవాళ్ళ సంఘం పేరు మీద ఒక మెయిల్ ఖాతా తెరిచి ఇచ్చాను. బాపు ఆ సంఘానికి కార్యదర్శి. పని లేని మనిషికి పని దొరికింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మెయిల్ తెరవడం దేవుడికి దీపం పెట్టినంత నిష్ఠగా చేసేవాడు.

అందులోకి ఎక్కువగా వచ్చేవి పెళ్ళి పత్రికలు. పెళ్ళికి ఎక్కువ మందిని పిలవకూడదన్న రోజులు కదా. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పిల్లల ఆన్‌లైన్ చదువుల పుణ్యమా అని ఒక మెయిల్ ఐడీ ఉండనే ఉంది. దాంతో "మీరు రావద్దు, ఇంట్ల ఉండే అక్షింతలు ఎయ్యుండ్రి" అంటూ సంఘానికి పత్రికలు పంపేవాళ్ళు. మా అమ్మ ఆ మాటను మాటగా తీసుకుంది. ముహూర్తం వేళకు పత్రికను తెర మీద తెరిపించి, పసుపు బియ్యం తెచ్చి కంప్యూటరు మీద చల్లేది. బియ్యపు గింజలు కీబోర్డులోకి దూరి నాలుగైదు అక్షరాలు పనిచేయడం మానేశాయి. "పోనియ్యే, పిల్లలు సల్లగుంటరు" అంది. సేఫ్టీపిన్నుతో గింజలు తీసే పని మాత్రం నాదే.

సరిగ్గా ఆ సందడిలోనే నాకు సూరత్ పక్కనున్న కామ్‌రేజ్ నుంచి సంబంధం వచ్చింది.

వాళ్ళదీ మాలాగే మా వైపు ఊళ్ళ నుంచి సూరత్‌కు వలస వచ్చిన నేత కుటుంబం. అబ్బాయి కిమ్ అనే ఊరి దగ్గర ఒక కార్ఖానాలో కొత్తరకం సాంచాలకుండే కంప్యూటర్లు బాగుచేస్తాడు. పెళ్ళిచూపులు వీడియో కాల్‌లో పెట్టారు. మా ఫోనును పచ్చడి జాడీకి ఆనించాం. అటు పక్క మొదట ఒక ఫ్యాను కనిపించింది, తర్వాత ఒక చెవి, ఆ తర్వాత ఆ ఇంటి పెద్దాయన నుదురు. "సక్కగ పట్టు నాయినా, నీ నెత్తి తప్ప ఏం కనవడ్తలేదు వాళ్ళకు" అని ఒక గొంతు నవ్వింది. ఫోను చేతులు మారింది. ఆ గొంతు మనిషి కనిపించాడు. ఆ నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"మీరేం పని చేస్తరు?" అని అడిగాడు.

నేను గొంతు సవరించుకునే లోపలే అమ్మ వెనక నుంచి, "ఉత్తరాలు పేరుస్తది" అనేసింది. భూమి చీలితే దూరిపోదామనిపించింది.

అతను నవ్వలేదు. "అట్లనా? అయితే నాకో డౌటున్నది. ఒక్కోపారి కొత్తగ వచ్చిన జవాబు ఏడనో కిందికి పోతది, పాతది పైన కూసుంటది. గట్లెందుకైతది?" అని అడిగాడు.

అమ్మో! నన్ను ఆ ప్రశ్న అడిగిన మనిషి అప్పటిదాకా ఒక్కడంటే ఒక్కడు లేడు. ఇక నేను ఊరుకుంటానా? మెయిళ్ళను కట్టలు కట్టడం ఎట్లా, తేదీని బట్టి పేర్చడంలో చిక్కులేమిటి, అన్నీ చేతులు ఊపుతూ చెప్పుకుంటూ పోయాను. రెండు ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. బాపు రెండుసార్లు దగ్గాడు. నేను ఆపలేదు. అతను మధ్యమధ్యలో ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు, అదీ తెలివైన ప్రశ్నలు. చివరికి వాళ్ళమ్మ, "పిల్ల మంచిగ మాట్లాడుతది" అంది. అది మెప్పో దెప్పో మాకు తెలియలేదు.

కాల్ పెట్టేసే ముందు పెద్దాయన ఫోను మళ్ళీ తన చేతిలోకి తీసుకున్నాడు. ఆయన రంగుల మిల్లు ఆఫీసులో గుమాస్తా. లాక్‌డౌన్‌లో కొడుకు దగ్గర మెయిల్ రాయడం నేర్చుకున్నాడట. ఇక ఆ పిచ్చి అంతా ఇంతా కాదు. వంటింట్లో ఉన్న భార్యకు చాయ్ కావాలని కూడా మెయిలే పంపిస్తున్నాడని కొడుకే చెప్పాడు.

"నోటితోని చెప్తే ఒకటంటే ఇంకోటి ఇనవడ్తది. ఇంట్ల మాట్లాడుకోని సంఘం అడ్రసుకు మెయిల్ రాస్త" అన్నాడు పెద్దాయన.

ఫోను పెట్టేయగానే అమ్మ నా పక్కన చేరింది. "ఎట్లున్నడే?"

"మంచిగున్నడు. నాకు నచ్చిండు."

"జర సిగ్గన్న లేదా నీకు?" అంటూనే అమ్మ నా బుగ్గ గిల్లి, ఆ పూట చాయ్‌లో చక్కెర రెట్టింపు వేసింది.

ఇక ఎదురుచూపులు. బాపు పొద్దునా సాయంత్రమూ మెయిల్ తెరవడం, నేను ఏమీ పట్టనట్టు చెవులు రిక్కించడం, "ఏం రాలే" అని బాపు కంప్యూటరు మూసేయడం. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. ఎవరెవరి పెళ్ళిళ్ళో వస్తున్నాయి. కామ్‌రేజ్ నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"ఒక్క ఫోన్ కొట్టుండ్రి. అడుగుతే ఏం పోతది?" అని అమ్మ అంది.

"రాస్తమన్నోళ్ళు రాయలేదంటే ఇష్టం లేనట్టే గదా. పిల్లనిచ్చేటోణ్ణి, ఎగవడి అడుగుతే ఇజ్జత్ ఉంటదా? నేను చెయ్య" అన్నాడు బాపు. ఆయన "చెయ్య" అంటే ఇక దేవుడు దిగొచ్చినా చేయడు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇష్టం లేకపోతే లేదని ఒక ముక్క రాయొచ్చు కదా! అన్ని ప్రశ్నలు అడగడం దేనికి? ఆ నవ్వు దేనికి? స్నానాల గదిలో నల్లా తిప్పుకుని ఏడ్చాను కూడా. మెయిళ్ళ గురించి డౌటు అడిగిన మనిషి కోసం ఎవరైనా ఏడుస్తారా? నేను ఏడ్చాను. బయటికి వచ్చాక కళ్ళలో సబ్బు పడిందన్నాను. అమ్మ నమ్మినట్టే నటించింది.

ఆ వారమే మా బాస్ ఫోన్ చేశాడు. ఆయన గుజరాతీ, మంచి మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ మాట్లాడతాడు. మార్కెట్‌లో వ్యాపారులంతా మా ప్రోగ్రాం మీద మండిపడుతున్నారట. ఇక్కడి వ్యాపారి ఏ కాగితం మీదైనా ముందు శ్రీ రాసి గానీ మొదలుపెట్టడు. మెయిల్‌లో అన్నిటికంటే పైనుండే గడి సబ్జెక్ట్ కాబట్టి అక్కడా శ్రీయే రాస్తున్నారు. మా ప్రోగ్రాం చూస్తే, సబ్జెక్ట్ ఒకటైతే చాలు, ఎవరు ఎవరికి రాసినా సరే అన్నిటినీ ఒకే కట్టగా కట్టేస్తుంది. పైగా ఆ కట్టను దాని మొదటి మెయిల్ తేదీ దగ్గరే ఉంచుతుంది. దాంతో ఇవాళ వచ్చిన చీరల ఆర్డరు, ఎన్నడో వచ్చిన ఏదో శ్రీ కింద పడి కనిపించకుండా పోతోంది.

నేను పగలబడి నవ్వాను. "సబ్జెక్ట్ అంటే విషయం కదా సార్! అక్కడ విషయం రాయమని వాళ్ళకే చెబుదాం. రాయకపోతే తెర మీద ఒక హెచ్చరిక పెడదాం" అన్నాను.

"అరే బేన్, వో లోగ్ సాఫ్ట్‌వేర్ బదల్ దేంగే, శ్రీ నహీ బదలేంగే" అన్నాడాయన. వాళ్ళు మన ప్రోగ్రాంనైనా వదిలేస్తారు గానీ శ్రీని వదలరు, మార్చాల్సింది మనమే అని దాని అర్థం. ఆ తర్వాత నన్ను ఉడికించడానికి, "మీ తెలుగువాళ్ళు ఏం రాస్తారేంటి?" అని అడిగాడు.

"మేము విషయం రాస్తాం సార్" అన్నాను, మహా గర్వంగా.

శనివారం సాయంత్రం ఎదురింటి అత్త గడపలో నిలబడి, మాస్కు కిందికి లాగి కబురు చెప్పింది. "కామ్‌రేజోళ్ళు రేపు లింబాయత్‌ల ఎవలో పిల్లను సూడవోతున్నరట గదా, మీకెరికేనా?"

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. బాపు "మంచిదే" అని చెప్పులు వేసుకుని, ఏ పనీ లేకుండానే బయటికి వెళ్ళాడు. నేను మాత్రం ఆ రాత్రి బాగా తిన్నాను. కోపం వస్తే నాకు ఆకలెక్కువ.

ఆదివారం పొద్దున్నే కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను. సెలవే, అయినా పని చేస్తాను, ఎవరికోసం మానాలి? శ్రీల సంగతి ఇవాళ తేల్చేద్దామనుకున్నాను. జవాబుగా రాసిన ప్రతి మెయిల్ లోపలా, అది ఏ మెయిల్‌కు జవాబో చెప్పే గుర్తు ఒకటుంటుంది. బయటికి కనిపించదు. ఇకపై సబ్జెక్ట్ చూసి కాదు, ఆ గుర్తు చూసే కట్ట కట్టాలి. కట్టలోకి కొత్తది వస్తే కట్ట మొత్తం పైకి రావాలి. రాయడానికి పెద్ద సమయం పట్టలేదు. నేను తయారుచేసుకున్న ఉత్తుత్తి మెయిళ్ళ మీద చక్కగా పనిచేసింది కూడా. కానీ ఉత్తుత్తివి ఉత్తుత్తివే. నిజం మనుషులు నిజంగా రాసుకున్న మెయిళ్ళ మీద నడిపి చూస్తే గానీ నమ్మకం కుదరదు. మా ఇంట్లో అలాంటివి ఉన్న చోటు ఒక్కటే.

"బాపూ, సంఘం మెయిళ్ళ మీద నా కొత్త పని ఒకపారి నడిపిస్త" అన్నాను.

బాపు గోడకున్న అద్దంలో చూస్తూ గడ్డం గీసుకుంటున్నాడు. "ఖరాబ్ చెయ్యకు బిడ్డా. అండ్ల అందరి పెండ్లిళ్ళున్నయి."

పాత కంప్యూటరులోకి కొత్త ప్రోగ్రాం ఎక్కించి, నడిపించాను. తెర ఒక్కసారి తెల్లబోయి, మళ్ళీ నిండింది. చూస్తే అంతా మారిపోయింది. ఎక్కడో అట్టడుగున పాండెసరా వైపు ఉండే ఒకాయన పంపిన పాత పెళ్ళి పత్రిక ఒకటి ఉండేది. దాని కింద పెద్ద కట్ట ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ పెళ్ళి ఎప్పుడో అయిపోయింది కాబట్టి బాపు మళ్ళీ దాన్ని తెరిచిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆ కట్ట విడిపోయి, అందులోని పత్రికలన్నీ ఎవరి తేదీ దగ్గరికి వాళ్ళు వెళ్ళి కూర్చున్నాయి. సబ్జెక్ట్‌లో వధూవరుల పేర్లు రాసినవే బాపుకు ఇన్నాళ్ళూ కనిపించాయి. ఈ కట్టలోని అన్నిటికీ సబ్జెక్ట్ ఒక్కటే: శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు.

పెళ్ళి పత్రికలో అన్నిటికంటే పైన ఉండేది అదే కదా! మెయిల్‌లో పైనున్న గడిలో మనవాళ్ళూ అదే దించేశారు. మేము విషయం రాస్తాం సార్ అని కోతలు కోసిన నా మొహం అప్పుడు చూడాలి. నవ్వొచ్చింది. నవ్వుతూనే పై నుంచి వరసగా చదువుకుంటూ వచ్చాను. శ్రీరస్తు, లింబాయత్. శ్రీరస్తు, వడోద్. శ్రీరస్తు, కామ్‌రేజ్.

కామ్‌రేజ్ పెద్దాయన పేరు!

"అమ్మా!" అని నేను పెట్టిన కేకకు బాపు చేతిలో రేజరు జారి బకెట్లో పడింది. అమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏమైందే? షాక్ కొట్టిందా?"

మెయిల్ వచ్చి చాలా రోజులైంది. పెళ్ళిచూపులైన మూడోనాడే రాశాడు పాపం. శుభకార్యం మాట కాబట్టి పైన శ్రీరస్తు పెట్టకుండా ఆయన మాత్రం ఎట్లా రాస్తాడు? గట్టిగా చదివి వినిపించాను. "అమ్మాయి మా ఇంటిల్లిపాదికి నచ్చినది. మా అబ్బాయి ఆ రోజు నుండి అమ్మాయి చెప్పిన సంగతులే చెప్పుచున్నాడు. మీకు సమ్మతమైతే జవాబు రాయగలరు. జవాబు రాకపోయిన యెడల మీకు ఇష్టం లేదని అనుకుందుము. మనసులో ఏమియు పెట్టుకొనము."

వాళ్ళ మాట కోసం మేము, మా జవాబు కోసం వాళ్ళు, ఇన్నాళ్ళూ బిగుసుకుని కూర్చున్నాం. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అంతలోనే గుర్తొచ్చింది, ఇవాళ ఆదివారం. వాళ్ళు లింబాయత్ వెళ్ళే రోజు.

"జరుగు బిడ్డా, ఇప్పుడే జవాబు రాస్త" అని బాపు సగం గీసిన గడ్డంతో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటున్నాడు. శ్రీ కొట్టాడు. ర కోసం వెతుకుతున్నాడు.

"బాపూ! మల్ల గదే రాస్తున్నవా!"

"శుభమా అని జవాబు రాస్తుంటే శ్రీరస్తు లేకుంట ఎట్ల రాయాలె? నీకు మతి గిట్ల పోయిందా?"

"పెండ్లిసూపులకు పొయ్యేటోళ్ళు మెయిల్ సూసుకుంట కూసుంటరా? ఫోన్ చెయ్యి బాపూ!"

ఆయన వేలు గాలిలో ఆగిపోయింది. ఫోన్ మాట ఎత్తితే ఏమంటాడో అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. అమ్మ గోడకు ఆనుకుని నా వైపు చూసింది. మెల్లగా అడుగుదామనుకున్నాను, చేతకాలేదు. మెల్లగా మాట్లాడటం నాకు పుట్టుకతోనే రాదు.

"నాకు ఆ పిలగాడే కావాలె బాపూ" అన్నాను.

బాపు నన్ను చూశాడు. కుర్చీలోంచి లేచాడు. మేకుకు తగిలించిన చొక్కా తీసి తొడుక్కుని, మెడ దాకా గుండీలన్నీ పెట్టుకున్నాడు. బనీను మీద అంత పెద్ద మాట మాట్లాడటం ఆయనకు చేతకాదు. చెంప మీద నురగ మాత్రం అలాగే ఉంది. నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు, సాంచాల మధ్య బతికిన చెవికి మామూలుగా వినపడదు. అటు మోగుతోంది. మోగుతూనే ఉంది. అమ్మ పిండి చేత్తోనే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"హలో, ఎవలు?" అంది పెద్దాయన గొంతు. వెనకాల ఆటో టపటపమంటోంది. "జర అటు జరుగు, సీరె నలుగుతది" అని ఎవరో ఆడమనిషి, ఆయన కూతురు కాబోలు, అంటోంది.

బాపు గొంతు సవరించుకున్నాడు. నమస్తే చెప్పలేదు, తన పేరూ చెప్పలేదు.

"బావా" అన్నాడు.

ఆ పిలుపు మా వాళ్ళలో వియ్యంకుణ్ణి పిలిచేది. మాట కలవకముందు ఎంత దగ్గరివాళ్ళయినా దాన్ని నోట పెట్టరు. అమ్మ నా చెయ్యి వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బావా, మీ మాట మాకు ఇయ్యాల్నే ముట్టింది. మాకు సమ్మతమే."

నేను ఫోను దగ్గరికి వంగాను.

"బావా అన్నవా?" అని అడిగాడు పెద్దాయన.

"అన్న."

ఫోనులోంచి ఒక్కసారిగా కేక. "అగో, ఆటో బందు చెయ్యి! దిగుండ్రి, అందరు దిగుండ్రి! ఓ బిడ్డా, పండ్లు దించు! మీ తమ్ముడేడి? వాణ్ణి గుడ దిగుమను!"

దూరం నుంచి ఆ గొంతు, వీడియోలో విన్న గొంతే, నవ్వుతూ వినిపించింది.

"నేను ఎక్కనే లేదు నాయినా!"